క్షమించితిమి గనుక పరిహారము కోరరాదా?

ధ్యానమునకు: నిర్గమకాండము 21:18-36; లూకా 10:25-37; అపొస్తలుల కార్యములు 16:19-40



శంషాబాదు మీదుగా బెంగుళూరునకు పోవు పెద్దరోడ్డును మన పెద్దలు 7వ నంబరు రోడ్డని పిలిచెడివారు. ఇప్పుడు దాని నంబరు 44. శ్రీనగరునుండి కన్యాకుమారివరకు సాగు ఆ రహదారి గగన్‌పహాడ్, సాతంరాయి, తొండుపల్లి, పాల్మాకుల, పెద్దషాపూర్ వంటి ఊళ్లను ఒరసికొని పోవుచున్నది. 2008 మార్చిలో శంషాబాదునొద్ద విమానాశ్రయము తెరువబడినది. ఆ సంవత్సరమే గచ్చిబౌలినుండి శంషాబాదువరకు ఔటర్ రింగురోడ్డు మొదటి భాగము వచ్చినది. 2009 అక్టోబరులో మెహదీపట్నమునుండి ఆరాంఘర్‌వరకు 11 కిలోమీటర్లకు పైబడిన పైవంతెన వచ్చినది. కార్లలో పోవువారికి త్రోవ సులువాయెను. అయితే రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల పని గలవానికి ఆ త్రోవ కష్టమే ఆయెను. ప్రొద్దున్నే కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని నిలువబడు స్త్రీ, బడిసంచి తగిలించుకొన్న పిల్లవాడు, ఆదివారమున ఆరాధనకు నడచివచ్చు ముసలమ్మ, వీరందరును ఆ రోడ్డును కాలినడకనే దాటవలసియున్నది.

ఈ ప్రాంతమువారికి నష్టపరిహారమను మాట క్రొత్త కాదు. విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరముల భూమి పోయినది. ఆ దినములలో ఊరూర ఆ మాటయే. భూమి పోయినవాడు పరిహారము తీసికొనుట విశ్వాసికి తగునా అని ఎవరైనను అడుగగా మేము వినలేదు. కాని భూమికి బదులు కాలు పోయినప్పుడు, ఎకరమునకు బదులు ఇంటి యజమానుడే పోయినప్పుడు, మన సంఘములలో ఆ ప్రశ్న లేచుచున్నది. పోనీలే అన్నా, దేవుడు ప్రాణము నిలిపినాడు, మనకు కోర్టులెందుకు, పగ తీర్చుట ప్రభువు పని గదా అని మంచము చుట్టు కూర్చున్నవారు చెప్పుదురు. వారు దుష్టులు కారు, ప్రార్థనచేయుటకు వచ్చినవారు. అందుచేతనే వారి మాటను తేలికగా త్రోసివేయక పరిశీలించవలెనని తలంచితిమి.

ఆ మాటకు వెనుక ఒక గౌరవనీయమైన సాక్ష్యము కూడ కలదు. శంషాబాదులో మెనోనైటు బ్రదరెన్ సంఘమువారి బైబిలు కళాశాల యున్నదని మనలో అనేకులెరుగుదురు. ఆ సంఘపు తొలి మిషనరీలు 1890 ప్రాంతమున రష్యా దేశమునుండి నల్గొండకు వచ్చినవారు. 16వ శతాబ్దపు ఐరోపాలో ఆ విశ్వాసపు పితరులు కత్తి పట్టమనిరి, ఒట్టు పెట్టుకొనమనిరి, వ్యాజ్యమునకు పోమనిరి. 1569లో హాలెండు దేశమున డర్క్ విలెమ్స్ అను విశ్వాసి, తన్ను పట్టుకొనుటకు తరుముకొనివచ్చినవాడు మంచు విరిగి నీళ్లలో పడగా వెనుకకు తిరిగి వానిని బయటికి లాగెను. అందువలన తానే పట్టుబడి కాల్చబడెను. అట్టివారి బోధ విన్న సంఘములో, కోర్టుమెట్లు ఎక్కనని ఒక విశ్వాసి చెప్పినయెడల మేము నవ్వజాలము.

అయినను ఒక సంగతి గమనించుడి. డర్క్ విలెమ్స్ అర్పించినది తన ప్రాణము. మరియొకని ప్రాణమును అతడు అర్పింపలేదు.

కొండమీది ప్రసంగములో మత్తయి 5వ అధ్యాయమందు ప్రభువు కుడిచెంపను గూర్చియు, అంగీని గూర్చియు చెప్పిన మాటలు మనకు కంఠస్థములే. ఆ చెంప ఎవరిది? కొట్టబడినవానిదే. ఆ అంగీ వాని ఒంటిమీదిదే. తన చెంపను తిప్పుటకు ప్రతి విశ్వాసికి స్వేచ్ఛ కలదు, అది ధన్యమైన స్వేచ్ఛ. అయితే తాపీపని చేయు ఒకని కాలు కారు తగిలి విరిగెననుకొందము. ఆరు నెలలు పని లేదు. భార్య రెండు పూటలు కూలికి పోవుచున్నది. పెద్దపిల్ల బడి మాని తమ్ముని చూచుకొనుచున్నది. ఆసుపత్రి బిల్లుకు తెచ్చిన అప్పునకు నూటికి మూడు రూపాయల వడ్డీ పెరుగుచున్నది. మంచములో పండుకొని, నేను క్షమించితిని, నాకేమియు వద్దు అని అతడు చెప్పినయెడల, ఆ క్షమాపణకు ఖర్చు పెట్టుచున్నది ఎవరు? మొదట ఆ పిల్ల, పిమ్మట ఆ భార్య. తన చెంపను తిప్పుచున్నానని అతడు తలంచుచున్నాడు గాని తిరుగుచున్నది బిడ్డ చెంప.

ఇది కఠినమైన మాటయని కొందరందురు. తన ఇంటివారిని పోషింపనివానిని గూర్చి 1 తిమోతి 5:8లో పౌలు వ్రాసినది ఇంతకంటె కఠినముగా నున్నది.

ఇప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయము చూతము. పది ఆజ్ఞలు ఇచ్చిన వెంటనే వచ్చిన న్యాయవిధులివి. ఇద్దరు కలహింతురు. ఒకడు రాతితోనో పిడికిలితోనో రెండవవానిని కొట్టును. దెబ్బతిన్నవాడు చావడు గాని మంచము పట్టును. కొంతకాలమునకు లేచి చేతికఱ్ఱ ఊతగా బయట నడువసాగును. అప్పుడు కొట్టినవానికి ఏమి చేయవలెను? 19వ వచనమును నెమ్మదిగా చదువుడి. వానికి శిక్ష లేదు. అయినను దెబ్బతిన్నవానికి పని లేక పోయిన దినముల నష్టమును అతడు ఇచ్చుకొనవలెను, పూర్తిగా స్వస్థత కలుగువరకు వైద్యము చేయింపవలెను.

శిక్ష తీసివేయబడినది, నష్టపరిహారము నిలిచినది. రెండును ఒకే వచనములో నున్నవి. మన తికమక అంతయు ఈ రెంటిని ఒకటిగా కలుపుటవలననే కలుగుచున్నది. క్షమించుట అనగా వానికి కీడు కలుగవలెనని కోరకుండుట, వానిమీద మనస్సులో పగ పెట్టుకొనకుండుట. పరిహారము కోరుట అనగా పోయినదానిని తిరిగి నిలువబెట్టమనుట. వానిని క్షమించిన దినముననే వీడు వైద్యపు ఖర్చు అడుగవచ్చును. ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో పౌలు ఒనేసిమును చేర్చుకొనుమని బ్రతిమాలుచు, అతడు ఏమైన అచ్చియున్నయెడల తన లెక్కలో వేసికొమ్మని, తానే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసెను. క్షమాపణ కోరిన ఆ ఉత్తరములోనే లెక్కయు నున్నది.

అదే అధ్యాయములో ఇంకను చూడుడి. పొడుచు ఎద్దని ముందే హెచ్చరిక పొందియు దానిని కట్టివేయని యజమానుని దోషము ఎక్కువ. బ్రేకులు పట్టవని తెలిసియు లారీని రోడ్డుమీదికి పంపిన యజమానుడు ఇందులో నుండి తప్పించుకొనగలడా? గోతిని త్రవ్వి కప్పకుండ విడిచినవాడు, అందులో పడిన పశువునకు వెల ఇచ్చుకొనవలెను. పైపుల కొరకు రోడ్డు త్రవ్వి, రాత్రివేళ ఒక ఎఱ్ఱదీపమైనను పెట్టకుండ పోవు కంట్రాక్టర్లు ఈ వచనమును ఎన్నడైన చదివిరో లేదో! మోషే కాలమున మోటారు లేదు. అయినను మన కాలపు ట్రిబ్యునళ్లు లెక్కగట్టు మొదటి రెండు పద్దులు ఆ వచనములోనివే: వైద్యపు ఖర్చు, పనిలేక పోయిన దినముల కూలి.

ఫిలిప్పీ పట్టణములో పౌలు సీలలు చేసినదానిని కూడ తలంచుకొందము. విచారణ లేకుండ వారిని బెత్తములతో కొట్టించి చెరసాలలో వేసిరి. రాత్రివేళ చెరసాల నాయకుడు వారి గాయములు కడిగెను, బాప్తిస్మము పొందెను. అతనిమీద వారికి పగ లేదు. తెల్లవారగానే అధికారులు వారిని రహస్యముగా పంపివేయుటకు కబురు పెట్టగా పౌలు ఒప్పుకొనలేదు. రోమా పౌరులమైన మమ్మును అందరియెదుట కొట్టించిరి గనుక వారే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననెను. అతడు డబ్బు అడుగలేదు, నిజమే. అయినను హక్కును మింగివేయలేదు. పౌలు ఊరు విడిచిపోవును గాని లూదియ ఇంట కూడుకొను క్రొత్త విశ్వాసులు అక్కడనే బ్రదుకవలెను. ఈ దినమున పౌలు ఊరకుండినయెడల రేపు ఆ అధికారులు వారిమీద చేయి వేయుటకు వెనుదీయరు. అతని పట్టుదలకు ఇదియే కారణమని మా తలంపు.

1 కొరింథీయులకు 6వ అధ్యాయము సంగతి ఏమని అడుగువారుందురు. అక్కడ పౌలు మందలించినది సహోదరునిమీద సహోదరుడు అవిశ్వాసుల యెదుట వ్యాజ్యమాడుటను. గుద్దిన బండి యజమానుడు మన సంఘస్థుడేయైనయెడల, వచ్చిన చిక్కు ఇద్దరి నడుమనే తీరదగినదైనయెడల, పెద్దలు కూర్చుండి న్యాయముగా తీర్చుట మంచిదే. అప్పుడును కాగితముమీద వ్రాసికొనవలెను. అయితే బండికి ఇన్సూరెన్సు ఉన్నప్పుడు డబ్బు ఇచ్చునది ఆ సహోదరుడు కాడు. ఇన్సూరెన్సు కంపెనీ మన సంఘములో సహోదరుడు కాదు గదా.

ఈ సంగతి మన గ్రామములలో చాలమందికి తెలియదు. నేను కేసు పెట్టితే ఆ డ్రైవరు బిడ్డల నోటికాడి కూడు తీసినవాడనగుదునని జాలిపడి ఊరకుండువారు కలరు. ఆ జాలి మంచిదే, లెక్క మాత్రము తప్పు. రోడ్డుమీదికి వచ్చు ప్రతి మోటారుబండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండితీరవలెనని 1939 నాటి మోటారు వాహనముల చట్టమే విధించినది. ఇప్పుడున్న 1988 చట్టమును అదే చెప్పుచున్నది. దేశములోని బండ్ల యజమానులందరు సంవత్సరము సంవత్సరము కట్టు ప్రీమియములనుండి ఆ పరిహారము వచ్చును. ఒకని భారమును లక్షలమంది కొంచెము కొంచెముగా మోయుటకే ఆ ఏర్పాటు. దెబ్బతిన్న కూలివాడు దానిని వదలుకొనినయెడల లాభపడునది డ్రైవరు కాదు, కంపెనీ. బండికి ఇన్సూరెన్సు లేనప్పుడును, డ్రైవరుకు తగిన లైసెన్సు లేనప్పుడును భారము యజమానునిమీదికి తిరుగవచ్చును. ఆ యజమానుడు నిజముగా బీదవాడైనచో ఎంత అడుగవలెను, ఎంత విడువవలెను అన్నది మనస్సాక్షి యెదుట తేల్చుకొనవలసిన ప్రశ్నయే. దానికి మేము ఒకే జవాబు చెప్పలేము.

2024 డిసెంబరు 2వ తేదీన మన రంగారెడ్డి జిల్లాలోనే చేవెళ్ల మండలము ఆలూరు స్టేజీ యొద్ద రోడ్డుప్రక్కన కూరగాయలు అమ్ముకొనుచున్నవారి మీదికి ఒక లారీ దూసికొనిపోయెను. నలుగురు ప్రాణములు కోల్పోయిరి, మరికొందరు గాయపడిరి. వారు రోడ్డు దాటుచుండినవారు కూడ కారు, తమ పంట ముందర పెట్టుకొని కూర్చున్నవారు. 2022 సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోగా, వారిలో 32,825 మంది కాలినడకన పోవుచుండినవారని కేంద్రప్రభుత్వపు లెక్క. 1896 ఆగష్టు 17న లండనులో మోటారుబండి తగిలి బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ చనిపోగా, ఇట్టిది మరల ఎన్నడును జరుగకూడదని విచారణాధికారి ఆశపడెనట.

ఇక చట్టము ఏమి చెప్పునో కొంత వివరముగా వ్రాయుచున్నాము. తెలియకపోవుటచేతనే అనేకులు నష్టపోవుచున్నారు. దెబ్బతిన్నవాడు గాని, చనిపోయినవాని వారసులు గాని మోటారు ప్రమాదముల క్లెయిముల ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ప్రమాదము జరిగిన చోట గాని, తాము నివసించు చోట గాని పెట్టవచ్చును గనుక దూరప్రాంతమున దెబ్బతిన్న కూలివాడు మరల అక్కడికి తిరుగనక్కరలేదు. మన జిల్లా న్యాయస్థానము ఎల్.బి.నగరులో నున్నది. 2019లో చట్టము సవరింపబడి, ఆ సవరణలు 2022 ఏప్రిల్ 1నుండి అమలుకు వచ్చినవి. వాటి ప్రకారము ఆరు నెలలలోగా అర్జీ పెట్టవలెను. గడువు దాటెనను కారణముచేతనే అర్జీలను కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. అయినను దానిని నమ్ముకొని జాగుచేయుట తెలివి కాదు. డ్రైవరు తప్పు రుజువుచేయక పోయినను, మరణమునకు 5 లక్షలు, ఎముకలు విరుగుట వంటి తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు ఇచ్చు మార్గమొకటి కలదు. అంతకు మించిన నష్టము జరిగినదని కోరువారు డ్రైవరు అజాగ్రత్తను, తమ నష్టమును చూపింపవలెను.

గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు ఏమి చేయవలెను? చీకటిలో గుద్ది పారిపోయిన బండ్ల సంగతి పెద్దరోడ్డు ప్రక్కనున్న ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. 2022 పథకము ప్రకారము అట్టి మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేలు ఇత్తురు. కోర్టు లేదు. తహసీలుదారు వంటి రెవెన్యూ అధికారి విచారించును, కలెక్టరు మంజూరుచేయును. 2022లో దేశమంతట గుద్ది పారిపోయిన ప్రమాదములు 67,387 జరిగెను. 2022-23లో ఈ పథకము క్రింద వచ్చిన దరఖాస్తులు 205 మాత్రమేనని 2024 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో వ్రాయబడినది. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మా మనస్సు కలత చెందెను. తక్కినవారందరు క్షమించి ఊరకుండిరా? లేదు, వారికి చెప్పినవారు లేరు. పోలీసులే బాధితులకు ఈ సంగతి తెలుపవలెనని అదే తీర్పులో ఆజ్ఞ అయినది. సంఘమువారు తెలుపకూడదని ఎక్కడను లేదు!

యెరికో త్రోవలో దొంగలు కొట్టి విడిచిపోయినవాని కథయు ఇట్టిదే. కొట్టినవారు దొరకలేదు. పరిహారము ఎవరినడుగును? త్రోవనుపోవు సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టెను, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయినచో తిరిగివచ్చినప్పుడు తీర్చెదనని మాట ఇచ్చెను. ఆశ్చర్యమేమనగా మన దేశపు చట్టములోనికే ఆ పేరు వచ్చియున్నది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన పిమ్మట, 2019 సవరణలో మంచి సమరయుల రక్షణకు ప్రత్యేకముగా ఒక సెక్షను చేర్చిరి. రోడ్డుమీద పడియున్నవానిని ఆసుపత్రికి చేర్చినవానిమీద ఏ కేసును ఉండదు, పేరు చెప్పుమని బలవంతము చేయరాదు. ప్రాణాపాయములో నున్నవానిని వేళకు చేర్చినవానికి ప్రభుత్వమిచ్చు బహుమానమును 2025లో 5 వేలనుండి 25 వేలకు పెంచిరి. పోలీసువారు మనలను పట్టుకొందురని యాజకునివలెను, లేవీయునివలెను ప్రక్కగా పోవుటకు ఇప్పుడు మనకు సాకు లేదు. గాయపడినవానికి మొదటి ఏడు దినములలో లక్షన్నర రూపాయలవరకు రొక్కము అడుగకుండ వైద్యము చేయు పథకము కూడ 2025 మేలో ప్రకటింపబడినది. పూటకూళ్లవానికి సమరయుడిచ్చిన మాట వంటిదే అది.

బండి నడుపు మన యువకులకును ఒక మాట. విమానాశ్రయమునకు క్యాబులు నడిపి బ్రదుకువారు మన సంఘములలో పలువురున్నారు. ఎవనినైన గుద్దినయెడల ఆగి ఆసుపత్రికి చేర్చవలెను, పోలీసులకు తెలుపవలెను. గుంపు కొట్టునని భయమున్నచోట అక్కడ నిలువక పోవుటకు చట్టమే ఒప్పుకొన్నది, అట్టివాడు నేరుగా పోలీసు స్టేషనుకు పోవలెను. ఇంటికి పోయి బండి కడిగి దాచుకొనరాదు.

స్త్రీలను గూర్చి వేరుగా చెప్పవలెను. ఇంటిపనిచేయు స్త్రీకి సంపాదన లేదు గనుక పరిహారమేమి వచ్చునని చెప్పి కొద్దిపాటికి ఒప్పించువారు కలరు. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో మన తెలుగువాడైన న్యాయమూర్తి ఎన్.వి.రమణగారు దీనిని గూర్చి విపులముగా వ్రాసిరి. మన దేశములో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు జీతములేని ఇంటిపనికి వెచ్చించుచుండగా పురుషుడు 97 నిమిషములే వెచ్చించుచున్నాడను 2019 నాటి ప్రభుత్వ సర్వేను చూపి, ఆ శ్రమకును వెల కట్టితీరవలెననిరి. సామెతల గ్రంథము 31వ అధ్యాయమును ప్రతి పెండ్లిలో చదువు మనము ఈ మాటను కోర్టునుండి నేర్చుకొనవలసి వచ్చినది. అటులనే, వైద్యుడు వ్రాసిన అంగవైకల్యపు శాతమును బట్టియే సంపాదన నష్టము గట్టరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఎడమచేయి పోయిన గుమాస్తా వ్రాసికొని బ్రదుకగలడు, వడ్రంగివాడు బ్రదుకలేడు. శరీరము అందరికి ఒకటే గాని దానితో తినునన్నము ఒకటి కాదు.

ఇంతవరకు పరిహారము కోరవచ్చునని వ్రాసితిమి. ఇప్పుడు కోరు విధమును గూర్చి. ఇక్కడనే విశ్వాసి పడిపోవునని మా భయము.

ఆసుపత్రి గుమ్మముననే దళారి కాచుకొనియుండును. మోటారుసైకిలు తానే జారిపడినవానికి, ఏదో ఒక కారు నంబరు వ్రాయింతము, సాక్షి నేను తెత్తుననును. లైసెన్సు లేని కొడుకు నడుపగా, నడిపినది అన్న అని చెప్పుమనును. నడువగలవానిని వైద్యుని యెదుట కుంటుమనును. అబద్ధసాక్ష్యము పలుకరాదన్న ఆజ్ఞ ఇన్సూరెన్సు కంపెనీల విషయములో రద్దుకాలేదు. కంపెనీ పెద్దది, డబ్బు ఎవరిదో, అందులో తప్పేమి అందురు. ఆ డబ్బు ఎవరిదో పైన చెప్పితిమి. ఉత్తరప్రదేశములో ఇట్టి దొంగ క్లెయిములు ఎంతగా పెరిగెననగా, 2021లో సుప్రీంకోర్టే వాటి విచారణను దగ్గరనుండి చూడవలసి వచ్చెను. ఒక్కొక్క దొంగ క్లెయిముచేత, నిజముగా కాలు విరిగినవానిని కూడ అనుమానముగా చూచు కాలము వచ్చుచున్నది. రోడ్డును చూడకుండ దాటినయెడల అటులనే చెప్పవలెను. ట్రిబ్యునలు ఆ తప్పు మట్టుకు తగ్గించి మిగిలినది ఇచ్చును. త్రాగి దాటినయెడల అదియు చెప్పవలెను. సత్యము చెప్పి తక్కువ తెచ్చుకొన్నవాడు ఆదివారమున బల్లయొద్దకు తల యెత్తుకొని రాగలడు.

రోడ్డుమీదనే పది వేలో ఇరువది వేలో చేతిలోపెట్టి తెల్లకాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొను రాజీయు మంచిది కాదు. ఆ గంటలో ఎముక ఎంత విరిగినదో వైద్యునికే తెలియదు. పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితము ఒక సంచిలో భద్రపరచవలెను. చదువురాని ఇంట ఈ సంచిని చూచుకొనుట స్త్రీల సమాజమువారు గాని, యౌవనస్థుల సంఘమువారు గాని తమ పరిచర్యగా పెట్టుకొనినచో ఎంత బాగుండును! వచ్చిన దానిలో ఇంత శాతము నాకని వకీలు బేరమాడుట బార్ కౌన్సిలు నియమములకే విరుద్ధము. స్త్రీలకు, పిల్లలకు, అంగవికలులకు, తక్కువ ఆదాయము గలవారికి 1987 నాటి చట్టము క్రింద న్యాయసేవల సంస్థ ఉచితముగా వకీలునిచ్చును. అర్జీ పెట్టుట ఆ సంస్థ కార్యాలయములోనే నేర్పుదురు.

2025 మేలో సుప్రీంకోర్టు, నడచువారికి కాలిబాట ఉండుట జీవించు హక్కులో భాగమని చెప్పినది. ఒక్కనికి వచ్చిన పరిహారము అతని కాలికి మాత్రమే. అతడు పడినచోట ఒక కాలివంతెనయో, దీపమో, వేగనిరోధకమో కావలెనని గ్రామపెద్దలతో కలసి అర్జీ వ్రాయుట, ఇంటికప్పునకు పిట్టగోడ కట్టుమన్న ద్వితీయోపదేశకాండము 22:8కి చేరిన పని. అట్టి అర్జీమీద పాస్టరుగారి సంతకముండుట రాజకీయమని మేము తలంచము.

చివరకు డబ్బు వచ్చినప్పటి సంగతి. సంవత్సరములు గడచిన పిమ్మట ఒక దినమున బ్యాంకు ఖాతాలో సొమ్ము పడును. చిన్నపిల్లల భాగమును ట్రిబ్యునలువారు సాధారణముగా వారు పెద్దవారగువరకు ఫిక్సెడ్ డిపాజిటులో ఉంచుదురు. ఆ వారములోనే బంధువులు వత్తురు, అప్పులవారు వత్తురు, సంఘపెద్దలును దశమభాగమును గూర్చి జ్ఞాపకముచేయుటకు వత్తురు. మోషే ధర్మశాస్త్రములో దశమభాగము పొలపు పంటనుండియు, మందల పెరుగుదలనుండియు ఇయ్యబడెను. విరిగిన కాలి వెల పంట కాదు. భర్త ప్రాణమునకు వచ్చిన సొమ్ము పెరుగుదల కాదు. అది పోయినదానికి బదులు, అదియు పూర్తిగా కాదు. ఆ విధవరాలు కృతజ్ఞతతో ఏదైన కానుక తెచ్చినయెడల పుచ్చుకొనవచ్చును గాని, లెక్కగట్టి అడుగరాదని మా నిశ్చయమైన అభిప్రాయము. పెద్దలు ఆ ఇంటికి పోవుట మానవలదు. పోయి, అప్పు ఎంత తీరినదో, పిల్ల మరల బడికి పోవుచున్నదో లేదో అడుగవలెను. ఆ పిల్ల ఏడాది చదువు తప్పి వెనుకబడియున్నచో, సాయంకాలములు దానికి పాఠము చెప్పగలవారు మన సండేస్కూలు ఉపాధ్యాయులలోనే కలరు.